శనివారం దొరికిన తప్పు

బోధన్‌లో మా ఇంటికి నాలుగిళ్ళ అవతల శిరీష ఉంటుంది. ముప్పై ఏడేళ్ళ మనిషి. పొద్దున ఏడున్నర బస్సుకు నిజామాబాద్ పోయి సాయంత్రం ఆరున్నరకు వస్తుంది. ఆమె పనిచేసేది ఒక బట్టల దుకాణం పైన, రెండో అంతస్తులో, పన్నెండు మంది కూర్చునే చిన్న ఆఫీసు. అక్కడ కంప్యూటర్ ప్రోగ్రాములు రాస్తుంది. నేను బడిలో తెలుగు పాఠాలు చెప్పి రిటైరైన దాన్ని. కంప్యూటర్ సంగతులు నాకు తెలియవు. ఈ కథకు కావలసినంత మటుకు శిరీషే నాకు నేర్పింది, మా వరండాలో చిక్కుడుకాయలు ఒలుస్తూ.

శిరీషకు ఇరవై రెండేళ్ళప్పుడు పెళ్ళయింది. ఆర్మూర్ దిక్కు పసుపు పండించే ఇల్లు. అక్కడ ఆమెను ఎవరూ కొట్టలేదు, తిట్టలేదు. కానీ నాలుగేళ్ళలో ఒక్కరు కూడా ఆమెను ఏ విషయంలోనూ 'నువ్వేమంటవ్' అని అడగలేదు. ఇంట్లో నిర్ణయాలన్నీ ఆమె ముందే జరిగేవి, ఆమె లేనట్టుగా. ఒకరోజు పుట్టింటికి వచ్చింది, మళ్ళీ పోలేదు. వాళ్ళూ రమ్మనలేదు. ఇరవై ఆరేళ్ళ వయసులో నిజామాబాద్‌లో ఎంసీఏలో చేరి చదువుకుంది. ఇప్పుడు ఆమె, వాళ్ళమ్మ ఆ ఇంట్లో ఉంటారు.

ఆ ఆఫీసువాళ్ళు చేసిన పనుల్లో పెద్దది డయాలిసిస్ కేంద్రాల వరుస. కిడ్నీలు పనిచేయని రోగులు వారానికి మూడుసార్లు వచ్చి నాలుగేసి గంటలు మిషన్ మీద ఉండాలి. మిషన్లు తక్కువ, రోగులు ఎక్కువ. నిజామాబాద్, బోధన్, బాన్సువాడ, ఆర్మూర్ – నాలుగు చోట్ల ఒక ట్రస్టు ఈ కేంద్రాలు నడుపుతోంది. ఎవరు ఎప్పుడు, ఏ మిషన్ మీద అన్నది నాలుగు చోట్లకూ కలిపి ఒకే జాబితాలో ఉంటుంది. మామూలు రోగి పేరు చివర చేరుతుంది. ఎవరికైనా ఆయాసం ఎక్కువై డాక్టర్ ఫోన్ చేస్తే ఆ పేరు మధ్యలో చొప్పిస్తారు. రానని చెప్పినవాళ్ళ పేరు తీసేస్తారు. నాలుగు ఊళ్ళలో నలుగురు అదే జాబితాలో ఒకేసారి చేతులు పెడుతుంటారు. అట్లా ఒకేసారి పెట్టినా చెదరకుండా ఉండేటట్టు జాబితాను కట్టాలి. మూడేళ్ళ కింద దాన్ని కట్టిన ముగ్గురిలో శిరీష ఒకరు.

రెండేళ్ళ కింద వానాకాలంలో ఆ జాబితాలో పేర్లు మాయం కావడం మొదలైంది. కౌంటర్‌లో పేరు కొడతారు, 'చేరింది' అని తెర మీద వస్తుంది. తీరా రోగి వచ్చి నిలబడితే జాబితాలో ఆ పేరు ఉండదు. పదిహేను రోజులకో, ఇరవై రోజులకో ఒక్కసారి. బోధన్ కేంద్రంలో రోజా అనే నర్సు ఉంది. ఆమె గట్టి మనిషి గనుక, పేరు కనబడకపోతే రోగిని వెనక్కి పంపకుండా డాక్టర్‌కు ఫోన్ చేసి మళ్ళీ ఎక్కించేది. మిగతా మూడు ఊళ్ళలోనూ ఆమెను చూసి అట్లాగే చేసేవాళ్ళు. అందుకే చాలా రోజులు ఎవరికీ ఏ హానీ జరగలేదు.

శిరీష రెండు నెలలు ఒక్కతే దాని వెంట పడింది. ఎక్కడ తప్పిపోతోందో చూడటానికి, ప్రోగ్రాములో ప్రతి అడుగు దగ్గరా ఏం జరిగిందో రాసిపెట్టే వాక్యాలు చేర్చింది. అవి చేర్చినన్నాళ్ళు ఒక్క పేరూ పోలేదు. తీసేసిన వారానికి మళ్ళీ పోయింది. చూస్తుంటే రాదు, చూడకపోతే వస్తుంది. రాసిపెట్టడానికి పట్టే ఆ రవ్వంత ఆలస్యానికే పనుల ముందువెనకలు మారిపోతున్నాయని ఆమెకు అర్థమైంది. అంతకు మించి తోచలేదు.

అప్పుడు ఆఫీసు పెట్టిన రాజలింగు సార్ కిషోర్‌బాబును తీసుకొచ్చాడు.

కిషోర్‌బాబుది వర్ని దగ్గర కాలువ కింద ఒక క్యాంపు, వలస రైతుల ఊరు. తాతల కాలంలో కోస్తా నుంచి వచ్చి భూములు కొనుక్కున్న కుటుంబం. నలభై రెండేళ్ళు. పూణేలో పదిహేనేళ్ళు ఇటువంటి పనే చేశాడు. తండ్రికి పక్షవాతం వస్తే వదిలేసి వచ్చాడు. తండ్రి పోయాక అన్న ఇంట్లో ఉంటున్నాడు. పెళ్ళి చేసుకోలేదు. పూణేలో పాత కంపెనీవాళ్ళు రమ్మని పిలుస్తూనే ఉన్నారు. ఈ తప్పుకు కారణం దొరికేదాకా పనిచేస్తానని రాజలింగు సార్‌తో ఒప్పందం.

మొదటి రోజు ఆయన శిరీష పక్కన కుర్చీ వేసుకుని, ఆమె రెండు నెలలు చేసిందంతా విన్నాడు. విని, "బగ్‌ని ఆపడం వేరండీ, అది ఎందుకొచ్చిందో చెప్పడం వేరు. ఆపడానికైతే నాలుగు ఊళ్ళలో ఒక్కొక్కరే ముట్టుకునేటట్టు పెద్ద తాళం ఒకటి వేసేస్తే చాలు. రోజంతా అందరూ ఆగి చూస్తా కూర్చుంటారు. మనకి కావాల్సింది కారణం. మీరేమంటారు?" అన్నాడు.

శిరీష వెనక్కి తిరిగి చూసింది. ఎవరినో అడుగుతున్నాడనుకుంది. వెనక గోడ తప్ప ఎవరూ లేరు.

ఆ తర్వాత ఐదు నెలలు వాళ్ళిద్దరూ పక్కపక్కనే కూర్చున్నారు. ఆ పని ఎట్లా ఉంటుందో ఆమె నాకు ఇట్లా చెప్పింది. ఒకేసారి ముప్పై పనులు నడుస్తుంటాయి. ఒక్కో పనిలో పది అడుగులు. ఏ అడుగు ముందు పడుతుందో, ఏది వెనక పడుతుందో నడిచిన ప్రతిసారీ మారుతుంది. లక్షసార్లు నడిపితే అన్నీ బాగానే ఉంటాయి. ఒక్కసారి మాత్రం అడుగులు ఒక చెడ్డ వరుసలో పడతాయి. ఆ ఒక్క వరుసను పట్టుకోవాలి. పట్టుకున్నాక అందులోంచి ఒక్కో అడుగునే తీసేస్తూ, ఇది లేకపోయినా పేరు పోతుందా అని చూడాలి. పోతే ఆ అడుగుకు తప్పుతో సంబంధం లేదు. పోకపోతే సంబంధం ఉంది. అట్లా తీసేయగా తీసేయగా చివరకు మిగిలిన నాలుగైదు అడుగులే కారణం. చెప్పడానికి తేలికే. వాళ్ళు పాత కంప్యూటర్ మీద రాత్రింబవళ్ళు నడిచేటట్టు పెట్టి పోయేవాళ్ళు. పొద్దున వచ్చి చూస్తే రెండు వారాలకో మూడు వారాలకో ఒకసారి పేరు పోయి ఉండేది. అదే వరుసను మళ్ళీ నడిపిస్తే పోయేది కాదు.

పని సాగకపోయినా ఆ ఐదు నెలలు శిరీష బతుకులో ఎన్నడూ లేనట్టు గడిచాయి. గోడకు తెల్ల బోర్డు ఉండేది. దాని మీద గళ్ళు గీసి బాణాలు వేసేవాళ్ళు. ఆమె ఒక మాట అంటే ఆయన కాదనేవాడు, గంటసేపు వాదించుకునేవాళ్ళు, చివర ఆయనే "మీరు చెప్పిందే కరెక్టండీ" అని తను గీసింది తుడిచేసేవాడు. ఆమె జొన్నరొట్టె తెస్తే సగం తీసుకునేవాడు. ఆయన క్యాంపు నుంచి జామకాయలు తెచ్చేవాడు. ఆమె మాట్లాడే పద్ధతి ఆయనకు కొంత అంటుకుంది. 'మళ్ళీ నడిపిద్దాం' అనేవాడల్లా 'మర్ల నడిపిద్దాం' అనసాగాడు. అని, తనే నవ్వుకునేవాడు. రోజుకు పదిసార్లయినా 'మీరేమంటారు' అని అడిగేవాడు. ఆయనకది అలవాటు మాట. టీ తెచ్చే మనిషిని కూడా అట్లాగే అడిగేవాడు. ఆ సంగతి ఆమెకు తెలియక కాదు.

ఆదివారాలు ఆమెకు పొడుగయ్యాయి. ఇదివరకు ఆదివారం వస్తే బట్టలుతుక్కుని, వాళ్ళమ్మ తలకు నూనె పెట్టి, మా ఇంటికి వచ్చి కబుర్లు చెప్పేది. ఇప్పుడు వచ్చి కూర్చునేది గాని మనసు ఇక్కడ ఉండేది కాదు. సోమవారం బస్సు ఎడపల్లి దాటి జానకంపేట చేరేసరికి ఆయనతో ఏం చెప్పాలో అన్నీ పేర్చుకునేదట. చెప్పేవన్నీ జాబితా గురించే. వేరే మాట ఒక్కటి లేదు.

ఫిబ్రవరిలో ఒకరోజు ఆయనకు పూణే నుంచి ఫోన్ వచ్చింది. మాట్లాడి వచ్చి, "ఈ బగ్ దొరికితే ఇంక వెళ్ళాలండీ. వాళ్ళు ఎక్కువ రోజులు ఆగరు," అన్నాడు. శిరీష, "దొరుకుతది లెండి," అంది. అని బస్సెక్కాక తెలిసింది ఆమెకు, అది దొరకొద్దని తను కోరుకుంటున్నట్టు. ఆమె నాకు ఈ మాట చెప్పినప్పుడు తల ఎత్తలేదు.

మార్చిలో ఒక శనివారం ఆమెకు సెలవు. బోధన్ కేంద్రం ఇంటికి దగ్గరే గనుక, ఊరికే ఒకసారి చూసి వద్దామని పొద్దున్నే పోయింది. రోజా ఆమెను కౌంటర్ పక్కన కూర్చోబెట్టి టీ ఇచ్చింది. మాటల్లో, బోధన్‌లో పోయిన పేర్లన్నీ తను ఒక నోట్‌బుక్కులో రాసిపెట్టుకున్నానంది. ఎందుకు రాశావంటే, ఎవరన్నా అడిగితే చూపించడానికి అంది. ఇన్నాళ్ళూ ఎవరూ అడగలేదు.

నోట్‌బుక్కులో తొమ్మిది పేర్లున్నాయి. పక్కన తారీఖు, పేరు ఎక్కించిన టైము. శిరీష రెండుసార్లు చదివింది. తొమ్మిదీ మధ్యలో చొప్పించిన పేర్లే, ఆయాసంతో వచ్చినవాళ్ళవి. తొమ్మిదీ పొద్దున ఎనిమిది నుంచి ఎనిమిదీ పది లోపల ఎక్కించినవే.

"ఎనిమిదింటికి ఏమైతది రోజా ఇక్కడ?" అని అడిగింది.

"ఏమైతది అక్క, రామని చెప్పినోళ్ళయి, జవాబియ్యనోళ్ళయి పేర్లు దానంతట అదే తీసేస్తది గద. గంతే," అంది రోజా.

ఆ తీసేసే భాగం రాసింది శిరీషే.

ఇంటికి వచ్చి అన్నం తినకుండా కూర్చుంది. ముప్పై పనులు అక్కర్లేదు, రెండు చాలు. ఒకటి పేరు తీసేస్తుంది, ఇంకొకటి దాని వెనక పేరు చేరుస్తుంది. మూడు పేర్లతో చిన్న జాబితా చేసింది. తీసేసే పనిని సరిగ్గా మధ్యలో రెండు క్షణాలు ఆపి, ఆ సందులో చేర్చే పనిని వదిలింది. పేరు పోయింది. పదిసార్లు నడిపింది. పదిసార్లూ పోయింది.

కారణం ఏమిటో నాకు అర్థం కావడానికి ఆమె బడి పిల్లల వరుసతో చెప్పింది. వరుసలో ప్రతి పిల్ల తన వెనక ఉన్న పిల్ల చేయి పట్టుకుని నిలబడింది. టీచరమ్మ మొదటి పిల్ల దగ్గర మొదలుపెట్టి చేతుల వెంట నడుస్తూ లెక్కపెడుతుంది. మధ్యలో ఒక పిల్ల బయటకు పోవాలి. ఆ పిల్లకు ముందున్న పిల్ల, పోయే పిల్ల చేయి వదిలి, దాని వెనక పిల్ల చేయి పట్టుకుంటుంది. సరిగ్గా ఆ నిమిషంలోనే ఒక కొత్త పిల్లను తెచ్చి, పోయే పిల్ల చేయి పట్టుకోమని చెప్పారు. కొత్త పిల్ల పట్టుకుంది. తను వరుసలో ఉన్నాననే అనుకుంటుంది. కానీ ఆ చేయి వరుసలోంచి ఎప్పుడో బయటకు వెళ్ళిపోయింది. టీచరమ్మ లెక్కలో కొత్త పిల్ల ఎన్నటికీ రాదు.

ఇట్లా కాకుండా ఉండటానికే ప్రతి పేరుకూ ఒక లాక్ ఉంటుంది. ఒకరు ముట్టుకుంటున్నప్పుడు ఇంకొకరు ముట్టుకోకుండా. శిరీష రాసిన భాగం ముందున్న పేరుకు మాత్రమే లాక్ వేసి, తీసేయబోయే పేరుకు వేయకుండా వదిలేసింది. చేర్చే భాగం వచ్చి ఆ తెరిచి ఉన్న పేరునే పట్టుకుంది. రెండూ వేరువేరు లాకులు గనుక ఎవరూ ఎవరినీ ఆపలేదు. రెండింటికీ వేయాలి. చేర్చే ముందు, నేను పట్టుకున్న పేరు ఇంకా వరుసలో ఉందా అని ఒకసారి చూసుకోవాలి. ఆమె ఆ మార్పు చేసి పదిసార్లు నడిపింది. పేరు పోలేదు. గోడ గడియారం మూడు కొట్టింది.

ఫోన్ చేతిలోకి తీసుకుంది. కిషోర్‌బాబు పేరు దాకా వచ్చి ఆగింది.

చేయలేదు. తనలో తను చెప్పుకున్నది నాకు దాచకుండా చెప్పింది. పదిహేను రోజులకు గాని ఒక పేరు పోదు, మొన్ననే ఒకటి పోయింది, ఇంకో పది రోజులు ఏం కాదు, ఒకవేళ పోయినా రోజా ఉంది గదా. రెండు రోజులు. రెండు రోజులే.

సోమవారం ఆఫీసుకు పోయింది. కిషోర్‌బాబు బోర్డు మీద కొత్తగా ఏదో గీసి పెట్టుకుని ఎదురు చూస్తున్నాడు. తప్పు జాబితాలో లేదేమో, ఊళ్ళ మధ్య కబురు మోసే నెట్‌వర్క్‌లో ఉందేమో అన్నది ఆయన కొత్త ఊహ. "మీరేమంటారు?" అన్నాడు. అందులో ఏమీ లేదని తెలిసీ, "సూద్దాం," అంది. ఆ రోజంతా ఇద్దరూ లేని చోట వెతికారు. ఆమెకు వెతకాల్సిన బరువు లేదు గనుక ఆయన్నే చూస్తూ కూర్చుంది. ఆయన కలం మూత పంటితో తీయడం, ఆలోచిస్తూ కాలు ఊపడం, ఐదు నెలల్లో చూడనివన్నీ చూసింది. మంగళవారం కూడా అట్లాగే గడిచింది. బుధవారం ఆయన వాళ్ళ నాన్న గురించి చెప్పాడు. చివరి నెలల్లో మాట పోయినాక ఆ పెద్దాయన పలకమీద రాసి అడిగేవాడట, కాలువకు నీళ్ళు వదిలారా అని. ఐదు నెలల్లో జాబితాకు సంబంధం లేని మాట అదొక్కటే. ఆమె బస్సులో ఆ మాటే తలచుకుంటూ బోధన్ వచ్చింది.

గురువారం పది గంటలకు రోజా ఫోన్ చేసింది.

చందూర్‌లో ముత్యం అనే రైతు. యాభై రెండేళ్ళు. రెండేళ్ళుగా డయాలిసిస్ మీద ఉన్నాడు. మంగళవారం సాయంత్రం ఆయాసం ఎక్కువైతే, డాక్టర్ బుధవారం పొద్దున బోధన్‌లో ముందుగా ఎక్కించమని చెప్పాడు. బుధవారం పొద్దున ఎనిమిదీ నాలుగుకు పేరు చేర్చారు. తెర మీద 'చేరింది' అని వచ్చింది. అతను భార్య లింగవ్వతో బస్సులో వచ్చేసరికి జాబితాలో పేరు లేదు. రోజా మంగళ, బుధవారాలు సెలవులో ఉంది, ఆడపడుచు ఇంట్లో పెళ్ళి. కౌంటర్‌లో ఉన్న కొత్త మనిషి, పేరు లేదు గనుక రేపు రమ్మన్నాడు. ముత్యం మధ్యాహ్నం దాకా బెంచీ మీద కూర్చుని ఇంటికి పోయాడు. పొద్దు వాలేసరికి ఊపిరి అందలేదు. ఊళ్ళోవాళ్ళు కారులో వేసుకుని నిజామాబాద్ పెద్ద దవాఖానకు తీసుకుపోయారు. ప్రాణం ఉంది.

శిరీష ఫోన్ పెట్టేసింది. కిషోర్‌బాబు బోర్డు దగ్గర ఉన్నాడు.

"కిషోర్ గారు," అంది. "కారణం నాకు ఎర్కే."

ఆయన తిరిగి చూశాడు. ఆమె తెర మీద మూడు పేర్ల జాబితా తెరిచి నడిపించింది. ఆయన నిలబడే చూశాడు, తర్వాత కూర్చుని మళ్ళీ నడిపించుకున్నాడు. ముఖంలో మొదట సంతోషమే కనబడిందట. ఇంత చిన్నదా అని నవ్వబోయాడు. ఆమె ముఖం చూసి ఆగాడు.

"ఎప్పుడు దొరికిందండీ ఇది?"

"శనివారం. మూడు గంటలకు."

"మరి సోమవారం నుంచి మనం నెట్‌వర్క్ అనుకుంటా కూర్చున్నాం కదా."

"కూసున్నం."

"ఎందుకండీ?"

"చెప్తే మీరు పోతరు," అంది శిరీష. తర్వాత ముత్యం సంగతి చెప్పింది.

ఆయన కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టాడు. తర్వాత కీబోర్డు ఆమె ముందుకు జరిపి, "ముందు సరిచేద్దాం," అన్నాడు. ఆమె రాసింది, ఆయన పక్కనుంచి ఒక్కో వాక్యమూ చదివాడు. పన్నెండు కాకముందే నాలుగు ఊళ్ళలోనూ కొత్తది ఎక్కింది.

మధ్యాహ్నం ఆయన రిపోర్టు రాశాడు. ఏం జరిగింది, ఎందుకు జరిగింది, ఎట్లా దొరికింది. అన్నీ రాసి, కారణం దొరికిన తేదీ దగ్గర ఖాళీ వదిలి ఆమె వైపు చూశాడు. గురువారం అని వేస్తే ఎవరికీ తెలియదు. ఆ ఖాళీ ఆమె కోసమే వదిలాడని ఆమెకు అర్థమైంది.

"శనివారమే వెయ్యండి," అంది.

రాజలింగు సార్ రిపోర్టు చదివి పిలిపించాడు. తీసేసే భాగం నువ్వు రాసిందే గదా అని అడిగాడు. ఆమె అవునంది. నీ తప్పు బయటపడుతదని ఐదు రోజులు దాచిపెట్టినవా అని అడిగాడు. ఆమె కాదనలేదు. ఆయన దాన్నే కారణమనుకున్నాడు. ఆఫీసులో అందరూ అదే అనుకున్నారు, ఇప్పటికీ అనుకుంటున్నారు. ఆమెను ఆ పని నుంచి తీసి బడిపిల్లల హాజరు ప్రోగ్రాముకు వేశారు. అంతకంటే పెద్ద శిక్ష వేస్తారనుకుంది. వేయలేదు.

మరునాడు ఆమె దవాఖానకు పోయింది. ముత్యం ముక్కుకు ఆక్సిజన్ గొట్టంతో పడుకుని ఉన్నాడు. లింగవ్వ మంచం పక్కన కింద కూర్చుంది. శిరీష తనెవరో చెప్పి, పేరు ఎట్లా పోయిందో వచ్చినంత మటుకు చెప్పింది.

"నువ్వేం జేస్తవ్ బిడ్డ, మిషిన్ల తప్పైతే," అంది లింగవ్వ.

"మిషిన్ది కాదవ్వ, నాది. తప్పు యాడుందో నాకు శనివారమే ఎర్కైంది. చెప్పలే. గురువారం దాక చెప్పలే."

ఎందుకని లింగవ్వ అడగలేదు. మొగుడి ముఖం వైపు ఒకసారి చూసింది. "శనారం ఎర్కైతే శనారమే చెప్పాలె గద బిడ్డ," అంది. మెల్లగానే అంది. తర్వాత తడిబట్ట తీసుకుని ముత్యం కాళ్ళు తుడవడం మొదలుపెట్టింది. శిరీష ఇంకాసేపు నిలబడి వచ్చేసింది. ఆ రోజు బోధన్ బస్సు దిగి సరాసరి మా ఇంటికి వచ్చింది. అప్పుడే నాకు మొదటిసారి ఇదంతా చెప్పింది.

నలభై ఏళ్ళు పిల్లలకు తప్పొప్పులు చెప్పిన నోరు నాది. ఆమెకు మాత్రం ఒక గ్లాసు మజ్జిగ ఇచ్చి ఊరుకున్నాను.

ముత్యం తొమ్మిది రోజులకు ఇంటికి వచ్చాడు. కానీ అతను ఇంకా దవాఖానలో ఉండగానే కిషోర్‌బాబు ఆఫీసులో చివరి రోజు వచ్చింది. ఆ సాయంత్రం ఇద్దరూ మెట్లు దిగుతుంటే ఆయన రెండో మలుపు దగ్గర ఆగాడు.

"పూణే వాళ్ళు జనవరిలోనే రమ్మన్నారండీ. నేనే రెండుసార్లు గడువు అడిగాను. బగ్ కోసమని వాళ్ళకి చెప్పాను," అన్నాడు. కింద దుకాణంలో చీరలు మడతపెడుతున్న చప్పుడు వినబడుతోంది. "ఆ మాట మీకు ముందే చెప్పాల్సింది. చెప్పలేదు. సోమవారం రైలుకి టికెట్టు ఉంది. వద్దనుకుంటే మానేస్తాను. మీరేమంటారు?"

పెళ్ళయిననాటి నుంచీ ఎవరైనా అడిగితే బాగుండునని ఎదురు చూసిన మాట. జాబితా గురించి కాదు, టీ గురించి కాదు. ఆమె నోరు తెరిచింది. కానీ కళ్ళ ముందు ముత్యం కాళ్ళు తుడుస్తున్న లింగవ్వే ఉంది. ఆ మనిషి ఇంకా మంచం మీద ఉండగా, అతన్ని అక్కడికి చేర్చిన కోరికనే ఇప్పుడు చేయి చాచి తీసుకోవడం ఆమెకు చేతకాలేదు.

"ముత్యం ఇంక దవాఖాన్లనే ఉన్నడు," అంది.

ఆయనకు అర్థమైంది. తల ఊపాడు. ఇంకో మాట అడిగి ఇబ్బంది పెట్టలేదు. అడిగి ఉంటే బాగుండేదని ఆమె అంటుంది. ఆయనను తప్పు పట్టడానికి కాదు, ఊరికే అంటుంది.

ఇది జరిగి ఏడాదిన్నర అవుతోంది. జాబితాలో ఆ తర్వాత ఒక్క పేరూ పోలేదు. ఆరు నెలలకు రాజలింగు సార్ ఆమెను మళ్ళీ ఆ పనికే తీసుకున్నాడు. ప్రతి నెలా ఒక శనివారం ఆమె కేంద్రానికి పోయి కౌంటర్ పక్కన కూర్చుంటుంది. ముత్యం వారానికి మూడుసార్లు వస్తాడు. పలకరిస్తాడు. లింగవ్వ పలకరించదు గాని, ఒకసారి బెంచీ మీద జరిగి ఆమెకు చోటిచ్చింది.

కిషోర్‌బాబు పూణేలో ఉన్నాడు. రెండు మూడు నెలలకు ఒక మెయిల్ వస్తుంది. ఏదో ఒక చిక్కు గురించి, ఈ అడుగు తర్వాత ఆ అడుగు పడితే ఇట్లా అవుతోంది అని. అన్నీ పని మాటలే. ఆమె వాటిని పదిసార్లు చదువుతుంది. చివర 'మీరేమంటారు' అని లేని మెయిల్ వచ్చిన రోజు ఆమె మా ఇంటికి రాదు. నాకు అట్లా తెలిసిపోతుంది.

ఈ వానాకాలం మొదట్లో ఒకసారి నేనే ఉండబట్టలేక అడిగాను, నువ్వే ఫోన్ చేయొచ్చు గదా అని. ఆమె అప్పుడు తలుపు పట్టుకుని వాన చూస్తోంది.

"అడిగిననాడు నా దగ్గర జవాబు లేదక్క. ఇప్పుడు జవాబుంది, అడిగెటోళ్ళు లేరు," అంది. మళ్ళీ తనే, "ఆయన అక్కడ కుదురుకున్నడేమో. నాకేం ఎర్క," అంది.

మొన్న ఆదివారం ఆయన నుంచి మెయిల్ వచ్చింది. రెండు పనులు ఒకదాని కోసం ఒకటి ఎదురుచూస్తూ ఎటూ కదలకుండా నిలబడిపోతున్నాయట, వారం నుంచి కారణం దొరకడం లేదట. శిరీష మధ్యాహ్నం కూర్చుని రెండు గంటల్లో కారణం పట్టుకుంది. పట్టుకున్న నిమిషానికే రాసి పంపింది. పంపే ముందు కింద ఇంకో రెండు వాక్యాలు చేర్చిందట. నిజాంసాగర్ కాలువకు నీళ్ళు వదిలారు, క్యాంపు దిక్కు నాట్లు పడుతున్నయ్. ఈసారి ఊరికి వస్తే బోధన్‌లో దిగండి, మీతో మాట్లాడేది ఉంది.

కారణం దొరికినందుకు ఆయన వెంటనే థాంక్స్ రాశాడు. కింది రెండు వాక్యాలకు ఇంకా జవాబు రాలేదు. ఇవాళ శనివారం. సాయంత్రం ఆమె వచ్చి వరండాలో కూర్చుంది, నేను చిక్కుడుకాయల చేట ముందుకు జరిపాను. ఇద్దరం ఒలుస్తూ కూర్చున్నాం. ఆమె ఫోను ఒళ్ళో ఉంది. నేను అడగలేదు.